మెట్ల కింది పెట్టె

నవంబరు 12

బావమరిదికి,

నువ్వు పంపిన పెట్టె మొన్న అందింది. పక్కింటి వెల్డరూ నేనూ చెరో వైపు పట్టుకుంటే గాని గుమ్మం దాటలేదు. సోలార్ ప్యానెళ్ళు ఆరూ పగలకుండా వచ్చాయి. బ్యాటరీకి, ఇన్వర్టరుకి దెబ్బలేమీ తగల్లేదు. మూత తీసి చూసి మళ్ళీ మూశాను.

ఈ సంగతులు ఫోనులో మాట్లాడటం నావల్ల కాదు. మీ అక్కకు రెండు మాటలకే ఆయాసం. నాకు రెండు మాటల తర్వాత ఏం మాట్లాడాలో తెలియదు. డ్యూటీ దిగాక ఆ రోజు జమాఖర్చూ, ఎండావానా రాసుకునే అలవాటు ఎలాగూ ఉంది కాబట్టి అదే కలంతో ఇదీ రాస్తున్నాను.

మీ అక్క అలాగే ఉంది. రాత్రి పది గంటలు ఆక్సిజన్ మిషను పెట్టుకుంటుంది. పగలు అవసరాన్ని బట్టి. ఆ చప్పుడు లేకపోతే ఇప్పుడు నాకే నిద్ర పట్టదు. కరెంటు పోతే ఉంటుందని తలవైపు గోడకు ఒక సిలిండరు నిలబెట్టాను. అది కొన్ని గంటలు వస్తుంది.

మా పవర్ స్టేషన్ మూసేస్తారన్న మాట మళ్ళీ వినపడుతోంది. దాని బదులు మీ ఎండ కరెంటు వస్తుందట. పోయినసారి వచ్చినప్పుడు భోజనాల దగ్గర నువ్వు చెప్పిందంతా ఆలోచించాను. బొగ్గు పొగకి భూమి వేడెక్కుతోందన్నావు. కాదనను, బాయిలరు ముందు నిలబడేవాణ్ణి, వేడి సంగతి నాకొకరు చెప్పాలా. కాని సాయంత్రానికి ఎండ దిగిపోతుంది. మీ అక్క మిషను అప్పుడే మొదలవుతుంది. దీనికి జవాబు రాయి. కోపం తెచ్చుకోకుండా రాయి.

ఉంటాను,
మీ బావ

(ఈ కింద రెండు ముక్కలూ నావిరా చిన్నోడా. చలికి చెవులు కప్పుకో. మీ బావ ఉత్తరం రాయడానికి మూడు కాగితాలు చింపారు. — అక్క)


నవంబరు 28

బావగారికి నమస్కారం.

కోపం తెచ్చుకోకుండా రాయమన్నారు. చూడండి, నవ్వుతూ రాస్తున్నాను. ఇంట్లో ఫ్యూజు కట్టడం నాకు నేర్పింది మీరే కదా, మీ మీద కోపమా!

నేనుండే గది రేకులది. కిటికీ తీస్తే కనుచూపు మేర ప్యానెళ్ళ వరసలే. పొద్దున్నే వాటి కింద గొర్రెలు మేస్తుంటాయి. ఆ చివర, రైలు పెట్టెల్లాగా, బ్యాటరీ పెట్టెలు బారుగా ఉంటాయి. పగలు నిండా తాగి, పొద్దు వాలాక నాలుగు గంటలపాటు పట్నానికి కరెంటు పోస్తాయి. ఆ తర్వాత కొండల మీది గాలిమరలు అందుకుంటాయి. ఎండ దిగిపోతుందని మాకూ తెలుసు బావా, మరీ అంత అమాయకులం కాదు.

మీ ప్రశ్నకి అసలు జవాబు ఆ పెట్టెలోనే ఉంది. ఆ బ్యాటరీ అక్క మిషనును రాత్రంతా మోస్తుంది, నేను లెక్క వేసే పంపాను. మీ ఊరి ఎలక్ట్రీషియనుకు ఫోన్ చేశాను, ఆదివారం వస్తాడు. ఒకసారి బిగించాక దానికి ఏ సేవా అక్కర్లేదు. ప్యానెళ్ళ మీద మీ స్టేషను బూడిద పడితే తుడవండి, చాలు.

అక్కను అడిగానని చెప్పండి. చెవులు కప్పుకున్నాను.

మీ బావమరిది


డిసెంబరు 21

బావమరిదికి,

ఉత్తరం మీ అక్కకు చదివి వినిపించాను. గొర్రెల దగ్గర నవ్వింది. నవ్వితే దగ్గు వస్తుంది, అయినా నవ్వింది.

ఎలక్ట్రీషియను ఆదివారం వచ్చాడు. టీ తాగాడు. మంచివాడు. డాబా కొలతలు తీసుకున్నాడు.

నాలుగు గంటలన్నావు. మీ అక్కకు రాత్రి పది గంటలు కావాలి. ఆ మిగతాది గాలి చూసుకుంటుందన్నావు. గాలి లేని రాత్రి ఎవరు చూసుకుంటారు? వారంపాటు ముసురు పట్టి గాలి కూడా ఆగిపోతే? నిన్ను ఓడించడానికి అడగడం లేదు. ఈ ఊళ్ళో అలాంటి మిషను మీద ఇంకెంతమంది పడుకుంటున్నారో నాకు తెలియదు, నీకూ తెలియదు.

మా బాయిలరుకి నీళ్ళు తోసే పంపులు రెండు. ఒకటి నడుస్తుంది, ఒకటి నిలవ ఉంటుంది. నడిచేదానికి రిపేరు వస్తే, ముందు రెండోదాన్ని తిప్పి, లోడు ఎక్కించి, అది మోస్తోందని చూసుకున్నాకే మొదటిదాన్ని ఆపుతాం. ముందు ఆపి తర్వాత తిప్పినవాణ్ణి ఫోర్‌మన్ మళ్ళీ లోపలికి రానివ్వడు. మీవాళ్ళు ముందే ఆపమంటున్నారు. నా బాధ అంతే.

నదిలో నీళ్ళు ఈ ఏడు తొందరగా తగ్గాయి.

మీ బావ

(ఇదంతా చదివి ముఖం మాడ్చుకోకు. ఆయన పంపుల గురించి మాట్లాడితే ప్రేమగా మాట్లాడుతున్నట్టు లెక్క. — అక్క)


జనవరి 16

బావగారికి,

ఎలక్ట్రీషియను వచ్చి వెళ్ళాడని రాశారు, ప్రాణం లేచివచ్చింది. మీరు ఒప్పుకోరేమోనని లోపల ఒకటే భయం. ఇప్పుడు నేను ధైర్యంగా వాదించగలను.

ముసురు పట్టిన వారం గురించి అడిగారు. నిజమే, దానికి ఒక్క బ్యాటరీ చాలదు. దూరాన ఎండ ఉన్న చోటి నుంచి తీగల మీద తేవాలి, జలాశయాల్లో నీళ్ళు దాచుకోవాలి. కొన్నాళ్ళు మీలాంటి స్టేషనొకటి పక్కన ఉంచుకోవాలి కూడా. అన్నీ సిద్ధంగా ఉన్నాయని నేననను. కాని అన్నీ సిద్ధమయ్యాకే మొదలుపెడదామంటే ఈలోపు పొగ ఆగదు కదా. నదిలో నీళ్ళు తొందరగా తగ్గాయని మీరే రాశారు. ఎందుకు తగ్గాయో కూడా ఆలోచించండి.

ఒక విషయం. మీ స్టేషను మూసివేత గురించి వచ్చే నెల మీ ఊళ్ళో విచారణ సభ పెడుతున్నారు. మా కంపెనీ తరఫున నా అభిప్రాయం రాసి పంపమన్నారు, పంపాను. ఏం రాశానో ఇప్పుడు చెప్పను, వింటే మీరే సంతోషిస్తారు.

మీ బావమరిది


ఫిబ్రవరి 19

బావమరిదికి,

సభ నిన్న జరిగింది. క్యాంటీను పక్క పెద్ద హాలులో. మా వాళ్ళంతా డ్యూటీ బట్టల్లోనే వచ్చారు. మూయవద్దని మా తరఫున మాట్లాడమని నన్నే అడిగారు. మాటలు రానివాణ్ణని చెప్పినా వినలేదు. పంపుల సంగతి చెబుదామని కాగితం మీద రాసుకుని వెళ్ళాను.

నాకంటే ముందు ఆఫీసరు మీ కంపెనీ నుంచి వచ్చిన అభిప్రాయం చదివాడు. "ఈ ఊళ్ళోనే, ఈ స్టేషను బాయిలర్ అటెండెంటు ఇంట్లోనే, ఒక రోగి ఆక్సిజన్ మిషను ప్రతి రాత్రీ ఎండ కరెంటు నింపిన బ్యాటరీ మీద నడుస్తోంది. ఇంతకంటే రుజువేం కావాలి?" అని ఉంది. ఆక్సిజన్ మిషను ఉన్న బాయిలర్ అటెండెంటు ఈ ఊళ్ళో ఒక్కడే.

హాలంతా నావైపు తిరిగింది. ఫోర్‌మన్ అయితే, "ఏం బాసూ, మాకు బొగ్గు, మీ ఇంటికి బ్యాటరీనా?" అన్నాడు. అందరూ నవ్వారు. నా వంతు వచ్చింది. కాగితం మడిచి జేబులో పెట్టుకుని కూర్చున్నాను. అబద్ధమని చెబితే నీ పరువు పోతుంది. నిజమని చెప్పడానికి నోరు రాలేదు.

ఆ పెట్టె ఇంకా బిగించలేదు. బాగా నడుస్తున్న మిషనుకూ కరెంటుకూ మధ్య నేను పరీక్షించని వస్తువును పెట్టలేకపోయాను. పారేయలేదు. స్టోరులో కొత్త పంపుకి గ్రీజు పూసి, గుడ్డ చుట్టి దాస్తాం. పదేళ్ళ తర్వాత తీసినా తిరుగుతుంది. అలాగే గుడ్డ చుట్టి జాగ్రత్త చేశాను.

మీ బావ

(ఎలక్ట్రీషియనుకు టీ ఇచ్చి పంపేశారురా. పెట్టె మెట్ల కింద ఉంది, ప్యానెళ్ళు డాబా మీద బోర్లా పడుకున్నాయి. ఈ ముక్కలు రాస్తానంటే కాగితం నాకిచ్చి ఆయన లేచి వెళ్ళిపోయారు. — అక్క)


మార్చి 3

బావగారికి,

నేను అబద్ధాలకోరునయ్యాను. మా ఇంజనీరు ముందు తలెత్తుకోలేకపోతున్నాను. "అటెండెంటు ఇంట్లో" అని రాసింది గర్వంతో, మిమ్మల్ని నలుగురిలో పెడదామని కాదు. మీరు ఒక్క ముక్క, "బిగించలేదు" అని ఒక్క ముక్క రాసి ఉంటే! ఎలక్ట్రీషియను టీ తాగాడట! ఆ టీ గురించి రాయడానికి మాత్రం చెయ్యి ఆడింది.

పరీక్షించనిది పెట్టలేనన్నారు. దాన్ని మెట్ల కింద పెట్టి ఎలా పరీక్షిస్తారు? మీ నమ్మకమంతా ఆ పొగగొట్టం మీదే. దాని బూడిద ఇరవయ్యారేళ్ళుగా మా అక్క వంటింటి కిటికీలో పడుతోంది. ఆమె ఊపిరితిత్తుల్లో ఏముందో మీరెప్పుడైనా అడిగారా? అడగరు. జవాబు వినడం ఇష్టం లేక అడగరు.

ఇంతకంటే రాస్తే ఇంకా తప్పులు రాస్తాను.

అక్క తమ్ముడు


ఏప్రిల్ 6

బావమరిదికి,

నీ ఉత్తరం మీ అక్కకు చదవలేదు. అయినా అలమరలో దొరికి తనే చదువుకుంది. మడిచి మళ్ళీ అక్కడే పెట్టింది.

ఆ కిటికీ గడప రోజూ డ్యూటీకి వెళ్ళే ముందు తడిగుడ్డతో నేనే తుడుస్తాను. పెళ్ళయిన కొత్తలో మొదలుపెట్టాను. గుడ్డ ఎలా నల్లబడుతుందో నాకు తెలుసు. డాక్టరు జబ్బు పేరు చెప్పాడు, కారణం చెప్పలేదు. నేను అడగలేదు. నువ్వు రాసింది నిజం.

నది దగ్గర మా స్టేషను గోడకి నీటిమట్టం గీతలుంటాయి. నేను చేరినప్పుడు అన్నిటికంటే కింద ఎర్రగీత. దాని దాకా నీళ్ళు ఎప్పుడూ దిగవని అప్పటి ఫోర్‌మన్ చెప్పాడు. మూడేళ్ళ కిందట దాని కింద ఇంకొక గీత గీశాం. మొన్న ఇంకొకటి. పెయింటు డబ్బా పట్టుకున్నది నేనే.

మీ అక్క ఈసారి ఏమీ రాయనంది.

బావ


మే 25

బావమరిదికి,

ఫోనులో అక్క బాగానే ఉందని మాత్రం చెప్పి పెట్టేశాను. మిగతాది ఇది.

పోయిన గురువారం వడగాడ్పు. నదిలో నీళ్ళు కొత్త గీత కంటే దిగిపోయాయి, ఉన్నవి గోరువెచ్చగా ఉన్నాయి. ఆవిరిని చల్లార్చడానికి మాకు ఆ నీళ్ళే ఆధారం. మిట్టమధ్యాహ్నం రెండు యూనిట్లూ ఒకదాని వెనక ఒకటి ట్రిప్ అయి ఆగిపోయాయి. వేరే ఊళ్ళ నుంచి వచ్చే బయటి లైనులో కూడా కరెంటు లేదు. ఆ ఎండలో ఊరంతా ఫ్యాన్లు ఆగాయి.

రాత్రి గురించి నీతో ఇన్నాళ్ళు వాదించాను. మేం ఆగిపోయింది పట్టపగలు.

నేను ఇంటికి పరుగెత్తాను. పక్కింటి వెల్డరు అప్పటికే సిలిండరు పెట్టాడు. మీ అక్క పెదవులు రంగు మారాయి. సిలిండరు ముల్లు నేననుకున్నదానికంటే కింద ఉంది. పెట్టె బయటికి లాగాను. గుడ్డ విప్పాను. వెల్డరు డాబా ఎక్కి ప్యానెళ్ళు తిరగేశాడు, కాగితంలో బొమ్మ చూసి వైర్లు కలిపాం. స్విచ్ వేశాను. ఏమీ వెలగలేదు. మళ్ళీ వేశాను. కొత్త వస్తువు, గీత కూడా పడలేదు, లోపల ప్రాణం లేదు.

ఆక్సిజన్ తగ్గించి పెట్టి, తడిగుడ్డతో విసురుతూ కూర్చున్నాం. పొద్దు వాలుతుండగా బయటి లైను నుంచి కరెంటు వచ్చింది. మిషను మోగింది. సిలిండరులో ముల్లు అడుగున ఆనుకుని ఉంది.

నువ్వు పంపింది చెడ్డదని రాయడం లేదు. ఎందుకు వెలగలేదో నాకు తెలియాలి. అది చెప్పు.

బావ


జూన్ 2

బావా,

ఉత్తరం అందగానే రాస్తున్నాను. తొందరలో అక్షరాలు వంకర పోతున్నాయి, చూసి నవ్వకండి.

ఎందుకు వెలగలేదో చెబుతాను. బ్యాటరీ పంపు లాంటిది కాదు. వాడకుండా దాచినా లోపల కొంచెం కొంచెంగా దిగిపోతుంది. మూడు నెలలకోసారి ఛార్జి ఎక్కించకపోతే, అదీ మెట్ల కింద ఆ ఉక్కలో, పూర్తిగా దిగి తనంతట తానే మూసుకుంటుంది, ఇక ప్యానెళ్ళు కలిపినా లేవదు. మీరు గుడ్డ చుట్టి జాగ్రత్త చేశానని ఫిబ్రవరిలోనే రాశారు. ఆ వాక్యం నేను చదివాను. "బావా, దాన్ని అలా దాస్తే చచ్చిపోతుంది, వెంటనే ఛార్జి పెట్టండి" అని అప్పుడే రాయాల్సింది. పని తెలిసినవాడు ఎవడైనా అదే రాస్తాడు. నేను బూడిద గురించి రాశాను. మీ మీద గెలవడానికి మాట వెతుక్కుంటూ, అక్కకు పనికొచ్చే మాట వదిలేశాను.

ఇంకొకటి కూడా వినండి. అదే గురువారం ఇక్కడ మా బ్యాటరీ పెట్టెలు వేడి తట్టుకోలేక సాయంత్రానికి సగం ఆగిపోయాయి. చల్లబరిచే మిషన్లు ఆ ఎండకి చాలలేదు. పట్నంలో సగం వీధులు చీకటి. మీ నదిని ఎండగట్టిన వేడే మా పెట్టెలనూ ఆపింది. ఇక్కడ ఎవరూ ఎవరి మీదా నవ్వే స్థితిలో లేరు.

సెలవు అడిగాను. కొత్త బ్యాటరీ పట్టుకుని శనివారం వస్తున్నాను. మీరు నన్ను గుమ్మంలోంచే పంపినా సరే, టీ మాత్రం ఇప్పించండి.

మీ బావమరిది


జులై 20

బావమరిదికి,

నువ్వు వచ్చి రెండు రోజులుండి, డాబా మీద చెమటలు కక్కుతూ అన్నీ బిగించి వెళ్ళాక మీ అక్క ముఖం కొంచెం తేటపడింది. నువ్వు చెప్పినట్టే ప్యానెళ్ళు తుడుస్తున్నాను. కిటికీ గడప తుడిచాక అదే గుడ్డతో పైకి వెళతాను.

విచారణ సభ రెండోసారి నిన్న జరిగింది. ఈసారి మాట్లాడాను. పంపుల సంగతి చెప్పాను. స్టేషను మూయండి, కాని కొత్తదానికి ఊరి లోడు ఎక్కించి, అది ఎండాకాలం, ముసురు రోజులు మోస్తుందని చూశాక మూయండి అన్నాను. మా వాళ్ళు చప్పట్లు కొట్టారు. ఇంకొక మాట ఉంది, ఆగండి అన్నాను. ఆ చూడటమేదో రేపే మొదలుపెట్టండి. మెట్ల కింద పెట్టుకుని, పనిచేయదని చెప్పకండి, అలా చెప్పినవాణ్ణి నేనే, అన్నాను. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. బయటికి వచ్చాక ఫోర్‌మన్ నాతో మాట్లాడకుండా సైకిలెక్కి వెళ్ళాడు. ఆఫీసరు మాత్రం ఆ మాట మళ్ళీ చెప్పించుకుని రాసుకున్నాడు. ఏం తేలుస్తారో తెలియదు. నా ఉద్యోగం ఎన్నాళ్ళో కూడా తెలియదు.

ఎందుకలా మాట్లాడానో నీకు చెప్పాలి.

నువ్వు వెళ్ళాక కూడా నేను మిషనును మామూలు కరెంటు మీదే ఉంచాను. బ్యాటరీ నిండుతోంది, దీపం పచ్చగా వెలుగుతోంది, అది చూసుకుని డ్యూటీకి వెళ్ళేవాణ్ణి. మెయిన్ స్విచ్ దించితే మిషను దానంతటదే బ్యాటరీ మీదికి మారుతుందని నువ్వు చూపించావు, అయినా దించడానికి చెయ్యి రాలేదు. రేపు పెడదాం, ఎల్లుండి పెడదాం అంటూ వచ్చాను.

పోయిన మంగళవారం రాత్రి డ్యూటీ దిగి పొద్దున్నే ఇంటికి వచ్చాను. గుమ్మం పక్కన మెయిన్ స్విచ్ కిందికి దించి ఉంది. చెప్పులు విడవకుండా లోపలికి పరుగెత్తాను. మిషను చప్పుడు ఎప్పటిలాగే ఉంది. మీ అక్క పక్కకు తిరిగి నిద్రపోతోంది. నా అడుగులకి కళ్ళు తెరిచింది.

"మెయిన్ ఎవరు ఆపారు?" అన్నాను.

"నేనే. నిన్న మీరు అటు వెళ్ళగానే దించాను."

"నీకేమైనా పిచ్చా? నాతో చెప్పకుండానా?"

"మీతో చెబితే రేపంటారు. వాడు అవునంటాడు, మీరు కాదంటారు. ఊపిరి నాది. ఇద్దరిలో ఒక్కరైనా నన్నడిగారా?" అంది. దానికే ఆయాసపడి కాసేపు ఆగింది. "పక్కింటావిడ నాకు తోడుగా ఇక్కడే పడుకుని ఇందాకే వెళ్ళింది. ఆ స్విచ్ ముట్టుకోకండి. నన్ను ఇంకాసేపు పడుకోనివ్వండి" అని మళ్ళీ కళ్ళు మూసుకుంది.

గుమ్మం దగ్గరికి వచ్చి స్విచ్ మీద చెయ్యి వేశాను. ఇన్నేళ్ళ సర్వీసులో ఎన్ని స్విచ్‌లు వేశానో. అది మాత్రం పైకి లేపలేదు. చెయ్యి తీసేసి, అక్కడే మెట్ల మీద కూర్చుని, మిషను చప్పుడు వింటూ ఉన్నాను.

ఈ రాత్రి కూడా డ్యూటీ ఉంది. స్విచ్ సంగతి మీ అక్కకే వదిలేశాను.

మీ బావ

(ఒరేయ్ చిన్నోడా, వదిలేశానన్నారు గాని, వెళ్ళేముందు బ్యాటరీ దీపం మూడుసార్లు చూశారు. అది పచ్చగానే ఉంది. మెట్ల కింద ఖాళీ అయిన చోట ఆయన చెప్పులు పెట్టుకుంటున్నారు. — అక్క)